ఆ తల్లిని ఎవరూ అడగలేదు

మోతీనగర్,
9 జనవరి 2025

రోషన్,

నిన్న మధ్యాహ్నం భావన అనే అమ్మాయి వచ్చి నీ సినిమా కాగితాలు ఇచ్చి వెళ్ళింది. నువ్వు కథ రాస్తున్న సినిమాకి సహాయ దర్శకురాలట. "హిస్టరీ ఒక్కటి చూసి పెట్టమన్నారు సర్, మిగతాది మీరు పట్టించుకోవద్దన్నారు" అంది. డిగ్రీ కాలేజీలో ఉద్యోగమంతా ఆ పాఠమే చెప్పాను. అయినా హిస్టరీ ఒక్కటే విడదీసి చూడటం ఎలాగో నాకు తెలియలేదు. మొత్తం చదివాను.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో అయితే అరుస్తాను. కాగితం మీద అరవడం నాకు రాదు. రేపు నీ డ్రైవరు వస్తే అతని చేతికి ఇస్తాను.

ముందు చిన్న విషయాలు. నీ కథ 1877 కరువులో జరుగుతుంది. ఆ రోజుల్లో గంజి కేంద్రాలు చాలావరకు సర్కారువి. తాళాలు తాసీల్దారు మనుషుల దగ్గర ఉండేవి. నీ కథలోని మిషన్ ఫాదర్ నడుముకి ఆ తాళాల గుత్తి ఎలా వచ్చింది? ఫాదర్ తరఫున ఊళ్ళలో బోధించే ఉపదేశి వేషంలో ఉన్న ఆడమనిషి చేతిలో స్టీలు చెంచా పెట్టావు. అప్పటికి ఈ దేశంలో స్టీలు చెంచా లేదు. కొబ్బరి చిప్ప గరిటె పెట్టుకో.

ఇక పెద్ద విషయం. నీ సినిమాలో గంజి అడిగినవాళ్ళకి ముందు జ్ఞానస్నానం ఇచ్చి మతంలో కలుపుకోవడం, తర్వాత గంజి. కడుపు కోసం వచ్చినవాళ్ళు లేరని నేను అనను. ఉన్నారు. కరువు తీరాక వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వానలు పడి, పంటలు పండి, ఎవరి గంజీ అక్కర్లేని రోజులు వచ్చాక కూడా ఉండిపోయినవాళ్ళ సంగతి నీ కథలో ఎక్కడుంది? మా ముత్తాతని ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. దాహమేస్తే ఎవరో ఎత్తు నుంచి దోసిట్లో పోయాలి, పోయకపోతే లేదు. అలాంటివాడి తల మీద ఒకాయన చెయ్యి పెట్టి, పేరు పెట్టి పిలిచి, నీళ్ళు పోశాడు. నీ హీరో దాన్ని మోసం అంటున్నాడు, జనం ఈలలు వేస్తారు. ఫాదర్‌ని దుర్మార్గుణ్ణి చేశావని కాదు నా బాధ. ఆయన తరఫున మాట్లాడటానికి ఆయనవాళ్ళున్నారు. నీ కథలో మా ముత్తాతకి కడుపుంది, బుర్ర లేదు. నా కోపం అక్కడ. ఆయనతో పాటు మీ ముత్తవ్వ కూడా అదే వరసలో నిలబడింది. అది గుర్తుందా?

ఆ ఉపదేశి సీను గురించి రాయడం నాకు కష్టంగా ఉంది. చనిపోతున్న పిల్లల మధ్యకి దొంగలా వచ్చి, పమిట చాటు నుంచి చెంచా తీసి, ఎవరూ చూడకుండా ఒక పసిబిడ్డ నుదుటి మీద నీళ్ళు పోస్తుంది. తర్వాత ఆ తల్లి ఏడుపు. ఇది ఎక్కడ చదివావు?

ఫిబ్రవరి 22కి మీ అక్క పోయి ఏడాది. సాయంత్రం ఆరింటికి మన గుడిలో ఫాదర్‌గారు పూజ చేస్తారు. నువ్వూ హరిణీ మీ అమ్మాయి శ్రీనిధీ రావాలి. మీ అక్క కళ్ళజోడు ఇంకా టీవీ మీదే ఉంది. ఇల్లు తుడిచేటప్పుడు తీయమని మల్లమ్మకి చెప్పలేదు. ఆమె కూడా తీయలేదు.

శాంతరాజు


జూబ్లీ హిల్స్,
14 జనవరి

బావగారికి,

మీ ఉత్తరం కారులో చదివాను, మళ్ళీ ఇంట్లో చదివాను. హరిణి చదివి, "మీ బావగారు మార్కులు వేయడం ఒక్కటే తక్కువ" అంది.

బావా, క్లాసులో చెప్పే హిస్టరీ వేరు, థియేటర్లో కూర్చున్నవాడికి చెప్పే కథ వేరు. టికెట్ కొన్నవాడికి తాసీల్దారూ గుమాస్తా అక్కర్లేదు, ఎదురుగా ఒక విలన్ కావాలి. మా ప్రొడ్యూసర్ వెంకటేశ్వరరావుగారు రోజూ అనేది అదే, "రచయితగారూ, తాళంచెవి ఎవడి దగ్గరుంటే వాడే విలన్, అంతే కదండీ." ఫిల్మ్ నగర్‌లో ఆయనకి ఎదురు చెప్పినవాళ్ళు తర్వాత సినిమాకి ఉండరు. ఇంతకుముందు ఇద్దరు ప్రొడ్యూసర్లకి ఎదురు చెప్పి చూశాను, ఇప్పుడు మూడోవాడి దగ్గర పని చేస్తున్నాను.

అయినా మీరు బాధపడ్డారని ఆ ఉపదేశి సీను మార్చాను. ఫాదర్ ఆమెకి ఆజ్ఞ ఇచ్చే ముక్క తీసేశాను. ఇప్పుడు ఆయనకి ఆ పాపంతో సంబంధం లేదు. స్టూడియోలో గుడి సెట్ వేశారు. ఇరవయ్యో తారీఖున ఆ సీనే తీస్తున్నారు. మీరు రండి, కారు పంపిస్తాను. పూజ ఎలా చేస్తారో, చేతులు ఎలా పెట్టాలో మా వాళ్ళకి ఒక్కరికీ తెలియదు. నేను చెప్పొచ్చు. నాకు గుర్తు లేదని చెప్పాను.

మీ చర్చి విచారణ వాళ్ళు ప్రెస్‌మీట్ పెడతారని ఇక్కడ ఒక పుకారు. అలాంటిదేదైనా మీ చేతుల మీదుగా మొదలైతే ముందు నాకు చెప్పండి. పేపర్లో చదివి తెలుసుకోవడం నాకు ఇష్టం లేదు.

చెంచా మాత్రం మార్చను బావా. కొబ్బరి చిప్ప పెట్టను. నేను చూసింది చెంచానే.

ఏడాది పూజకి షెడ్యూల్ చూసుకుని చెబుతాను.

రోషన్


మోతీనగర్,
21 జనవరి

రోషన్,

నిన్న నీ సెట్‌కి వచ్చాను. నువ్వు డబ్బింగ్ దగ్గర ఇరుక్కుపోయావని భావన చెప్పింది. మంచిదే అయింది.

గుడి బాగా కట్టారు. అట్టా, థర్మాకోలూ అని తెలిసీ తల వంచాను. పక్కన లైట్లు మోసే కుర్రాళ్ళు పూజ చేసే పీఠం మెట్లెక్కే ముందు చెప్పులు విప్పుతున్నారు. ఎవరూ చెప్పలేదట, వాళ్ళకే అలా అనిపించిందట. ఆ కుర్రాళ్ళకున్న మర్యాద నీ కాగితాల్లో లేదు.

ఉపదేశి వేషం కౌసల్య అనే ఆవిడది. యాభై దాటాయి, కృష్ణానగర్‌లో ఉంటుందట. ఎప్పుడూ గుంపులోనే నిలబెట్టారట, ఇన్నేళ్ళకి మొదటిసారి కెమెరా తన ముఖం మీదకి వస్తోందని భయపడుతోంది. నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, సిలువ గుర్తు ఎడం నుంచి కుడికా, కుడి నుంచి ఎడమకా అండీ? తప్పు చేస్తే మీ దేవుడికి కోపం వస్తుందేమో" అంది. కోపం రాదని చెప్పాను. చెయ్యి ఎలా పెట్టాలో చూపించాను. నీళ్ళు చల్లకూడదు, నుదుటి మీద పారేలా పోయాలి అని చెప్పాను. మాటలు నేర్పాను. సీను మార్చానన్నావు కదా, నమ్మాను. ఒక బిడ్డకి ఒక మంచి మనిషి చేసే పని తీస్తున్నారనుకున్నాను.

తర్వాత తీశారు. ఆమె నేను నేర్పినట్టే చేసింది. చాలా శ్రద్ధగా చేసింది. అప్పుడు హీరో వచ్చి ఆమె చేతి మీద కొట్టాడు. చెంచా ఎగిరిపడింది. "తల్లిని అడిగావా?" అని ఆమె జుట్టు పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. షాట్ బాగా వచ్చిందట.

ఫాదర్ ఆజ్ఞ తీసేస్తే నేను సంతోషిస్తానని ఎలా అనుకున్నావు? ఆయన గురించి కాదని రాశాను. ఇప్పుడు ఆ తప్పంతా ఆమె ఒక్కదాని మీద వేశావు. ఎవరూ చెప్పకుండా తనంతట తాను బిడ్డని దొంగిలించిన మనిషిని చేశావు. దానికి నా చేత చేతులు పట్టించి నేర్పించావు.

కారు వద్దని ఆటోలో వచ్చేశాను. మల్లమ్మ తలుపు తీసి నా ముఖం చూసి, "ఏంది సారూ, గట్లున్నరు? జర కూసోర్రి, చాయ్ పెడ్త" అంది. కూర్చోలేదు.

ప్రెస్‌మీట్ సంగతి. విచారణ యువకులు నా దగ్గరికి వచ్చిన మాట నిజం. మీ ఆఫీసు ముందు ధర్నా చేస్తామన్నారు, నన్ను ముందు నడవమన్నారు. వెళ్ళి చదువుకోమన్నాను. అబద్ధానికి జవాబు చెప్పడం చేతకాకపోతే అద్దాలు పగలగొట్టాలనిపిస్తుంది. నాకు చేతనవును. నా మీద నీకు ఆ అనుమానం వచ్చినందుకు మీ అక్క ఉంటే ఊరుకునేది కాదు.

చెంచా చూశానన్నావు. ఎక్కడ చూశావు? ఎవరి చేతిలో? ఈ ప్రశ్నకి సూటిగా జవాబు రాయి.

శాంతరాజు


జూబ్లీ హిల్స్,
27 జనవరి

బావా,

సూటిగా రాయమన్నారు. అక్క పోయాక రాయాల్సి రావడం బాగాలేదు. ఆమె ఉండగా మీకు చెబితే మీ ఇద్దరి మధ్య తగవు పెట్టినట్టు అవుతుందని ఊరుకున్నాను.

అప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు. మీ దగ్గరే, మిషన్ ఆసుపత్రి క్వార్టర్స్‌లో ఉండేవాణ్ణి. అక్క ఆ ఆసుపత్రిలోనే నర్సు. నెలలు నిండకుండా ఆమెకి కాన్పు వచ్చింది. మీరు పరీక్ష పేపర్లు దిద్దడానికి నెల్లూరు వెళ్ళారు. మా అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చి, "పాప పుట్టడమే పోయి పుట్టిందిరా, అక్క దగ్గర ఎత్తకు" అంది. నేను ఎత్తలేదు.

మర్నాడు అమ్మ వంట చేసి క్యారియర్ ఇచ్చి పంపింది. అక్క మంచం మీద లేదు. వెతుక్కుంటూ వెళితే పసిపిల్లల గదిలో కనిపించింది. గోడ పట్టుకుని నిలబడి ఉంది. నడవకూడదని అమ్మ చెప్పింది, అయినా అక్కడికి వెళ్ళింది. ఆమె ముందు ఒక ఉయ్యాల తొట్టి. అందులో అరచేయంత బిడ్డ. అక్క గ్లాసులోంచి చెంచాతో నీళ్ళు తీసి ఆ బిడ్డ నుదుటి మీద పోసింది. పెదవులు కదులుతున్నాయి. ఆ మాటలు నాకు తెలుసు, పీఠం దగ్గర ఎన్నోసార్లు విన్నాను. గదిలో ఇంకెవరూ లేరు. ఆమె తలుపు వైపు చూసి నన్ను చూసింది. నేను క్యారియర్ అక్కడే పెట్టేసి వచ్చేశాను.

ఎవరి బిడ్డో నాకు తెలియదు. ఏ ఊరివాళ్ళో, ఏ దేవుణ్ణి నమ్మి ఆ ఆసుపత్రికి తెచ్చారో తెలియదు. తన బిడ్డ పోయిందని ఇంకొకరి బిడ్డని దేవుడికి రాసిచ్చేసింది అనుకున్నాను. ఆ తల్లిని ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి నాకు గుడిలో కూర్చోవడం చేతకాలేదు.

ఒక్కసారి అడిగాను. నా పెళ్ళప్పుడు గుడిలో చేసుకోమని అక్క బతిమాలుతుంటే కోపంలో అనేశాను. "ఆ రోజు వార్డులో నువ్వు చేసింది తప్పు అక్కా, నేను చూశాను" అన్నాను. ఆమె నా వంక చూసి, "నేను పోయకపోతే ఎవరు పోస్తారురా?" అంది. అంతే. పశ్చాత్తాపం లేదు. అందుకే సమాధి రోజున కూడా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. అక్క కోసం వచ్చాను, లోపలికి మాత్రం రాలేదు.

నేను మీ మతాన్ని తిట్టడానికి ఆ సీను రాయలేదు. ఆ తల్లి తరఫున రాశాను. ఇన్నేళ్ళలో ఆమె తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

ఇప్పుడు కోప్పడండి.

రోషన్


మోతీనగర్,
30 జనవరి

రోషన్,

ఆ తల్లి మీ అక్కే, అంతోనమ్మ. ఆ బిడ్డ మా బిడ్డ.

పాప చనిపోయి పుట్టలేదు. ప్రాణంతో పుట్టింది. బతకదని డాక్టరమ్మ అప్పుడే చెప్పేసింది. నీకు పరీక్షలు జరుగుతున్నాయి. ఎలాగూ పోయే బిడ్డ కదా అని మీ అమ్మ నీతో ముందే పోయిందని చెప్పేసింది. మర్నాడు సాయంత్రానికి అది నిజమైంది. తర్వాత ఎవరూ దాన్ని తిరగదోడలేదు.

మీ అక్క ఫాదర్‌గారి కోసం కబురు పంపింది. ఆయన ఏదో పల్లెలో రోగి దగ్గరికి వెళ్ళారు. నేను నెల్లూరులో ఉన్నాను. పాప ఊపిరి మారుతోందని ఆయా వచ్చి చెబితే కుట్లతో నడిచి వెళ్ళింది. ఫాదర్ అందుబాటులో లేనప్పుడు ఎవరైనా పోయవచ్చు, అది మన క్రైస్తవ సభ నియమం. ఆమె పోసింది. సోఫియా అని పేరు పెట్టింది. ఆ మాటలు ఒక్కటీ తప్పకుండా చెప్పానని నాతో అంది. ఆ సాయంత్రమే పాప పోయింది. నేను వచ్చేసరికి పాపకి తెల్ల గౌను వేసి ఉంచారు. అది కూడా పెద్దదైంది.

నీ పెళ్ళి నుంచి వచ్చాక మీ అక్క రెండు రోజులు మాట్లాడలేదు. ఎందుకని అడిగితే, "వాడు అంతా చూశాడు, తెలిసి కూడా తప్పంటున్నాడు" అంది. ఏం చూశాడో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. తన బిడ్డకి తాను చేసిన పనిని నువ్వు తప్పుపడుతున్నావని ఆమె అనుకుంది. పోయేదాకా అలాగే అనుకుంది. తర్వాత నీకు కూతురు పుడితే సోఫియా అని పెట్టమని అడిగింది. పాత పేరన్నావు. అది కూడా ఆమెకి జవాబులాగే వినబడి ఉంటుంది.

ఇంకొకటి. వేరే వాళ్ళ బిడ్డ అయితే? ఆ ప్రశ్న నీ ఒక్కడిదే కాదు. ఆమె రిటైరయ్యేదాకా ఆ వార్డుల్లోనే పని చేసింది. చనిపోయే పిల్లల్ని చాలామందిని చూసింది. తల్లినో తండ్రినో అడగకుండా ఒక్క బిడ్డ మీద చుక్క వేయలేదు. అడగనక్కర్లేదని చెప్పిన ఒక పెద్ద ఫాదర్‌తో మా ఇంట్లోనే వాదించింది. "తల్లిని దాటుకుని వెళ్ళే పని దేవుడు నా చేత చేయించడు ఫాదర్" అంది. నీ హీరో డైలాగు నీ అక్క నీకంటే ముందే చెప్పింది. కాకపోతే ఎవరి జుట్టూ పట్టుకోలేదు.

కోప్పడమన్నావు. కోపం ఉంది. తెర మీద ఆ చేతి మీద పడే దెబ్బ ఎవరి చేతి మీదో ఇప్పుడు నీకు తెలుసు. ఏం చేస్తావో నీ ఇష్టం. ఇదంతా నీ సినిమాకి పనికొస్తుందని రాయలేదు. ఆ తల్లి సొంత తల్లే అని మార్చి, దానికి ఒక పాట పెడితే నేను బతికుండగా నీ ముఖం చూడను.

శాంతరాజు


ఫిల్మ్ నగర్,
12 ఫిబ్రవరి

బావా,

ఇన్ని రోజులు రాయలేకపోయాను. మొదలుపెట్టిన కాగితాలు చాలా ఉన్నాయి.

ఆ సీను తీసేయమని వెంకటేశ్వరరావుగారిని అడిగాను. సినిమాకి గుండెకాయ అదేనన్నారు. ఎందుకు తీయాలని అడిగారు. మా ఇంటి విషయం అన్నాను. "ఇంటి విషయమైతే ఇంకా పండుతుంది కదండీ, ఏంటో చెప్పండి" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. చెప్పలేదు. సీను ఉంటే టైటిల్స్‌లో నా పేరు ఉండదు, కోర్టుకి కూడా వెళతానన్నాను. ఈ వయసులో బెదిరించడం నేర్చుకున్నాను. ఆయన మూడు రోజులు నా ఫోన్ ఎత్తలేదు. నిన్న ఎడిటింగ్ రూముకి పిలిచి, నా ఎదురుగానే తీసేశారు. తర్వాత సినిమాకి నేను ఉండననుకుంటా.

కౌసల్యగారికి ఇంకో వేషం ఇప్పిస్తానని చెప్పాను. ఆమె ముఖం కనిపించే సీను అదొక్కటే. "నేను సరిగ్గా చేయలేదా అండీ?" అని అడిగింది. సరిగ్గా చేశారు, అందుకే తీసేశాం అన్నాను. ఆమెకి అర్థం కాలేదు.

ఫాదర్ తాళాల గుత్తి అలాగే ఉంది. అది తీయించలేకపోయాను.

నేను అక్కని అడిగింది ఒక్కసారే. ఎవరి బిడ్డ అని అడగాల్సింది. అది అడగకుండా తప్పు అన్నాను. ఆ తల్లిని ఎవరూ అడగలేదని మీకు రాశాను. అడగనిది నేనే.

శ్రీనిధికి చెప్పాను. తనకంటే పెద్ద వదిన ఒకతె ఉండేదని. ఆ పేరు తనకెందుకు పెట్టలేదని అడిగింది.

ఇరవై రెండున ముగ్గురం వస్తాం. పూజలో చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు కదా. అక్క పేరుతో పాటు సోఫియా పేరు కూడా ఇవ్వండి. ఇన్నేళ్ళూ ఆ పాప కోసం నేను ఒక్క ప్రార్థనా చేయలేదు. ఆ చెంచా ఇంకా మీ దగ్గర ఉందా? ఉంటే ఒక్కసారి చూడాలని ఉంది.

రోషన్


మోతీనగర్,
15 ఫిబ్రవరి

రోషన్,

చెంచా ఉంది. అదేదో నాకు తెలియదు. వంటింట్లో చెంచాలన్నీ ఒకేలా ఉంటాయి. మీ అక్క విడిగా దాచలేదు. మల్లమ్మ వాటితోనే పంచదార వేస్తుంది.

ఫాదర్ తాళాల మీద నా అభ్యంతరం అలాగే ఉంది. ఆ వాదన పూజ అయ్యాక, భోజనం దగ్గర. ఆధారాలు తీసి పెడతాను.

పూజకి అంతోనమ్మ పేరు ఒక్కటే ఇచ్చాను. సోఫియా పేరు ఇవ్వలేదు, కావాలనే. జ్ఞానస్నానం పొంది, ఏ పాపమూ చేయకముందే పోయిన బిడ్డ కోసం మన సభ ప్రార్థించదు. అక్కర్లేదు. ఆ బిడ్డే మన కోసం ప్రార్థించాలి. అందుకే మీ అక్క కుట్లతో ఆ గది దాకా నడిచింది. ఇన్నేళ్ళూ నువ్వు ఆ పాప కోసం ఏమీ చేయలేదని బాధపడకు. అటువైపు నుంచి పని జరుగుతూనే ఉంది.

ఆరింటికంటే ముందే రా. ఈసారి గేటు దగ్గర నిలబడకు.

శాంతరాజు